ముప్ఫై అయిదు వాట్ల వెలుగు

డిసెంబరులో లంబసింగి దగ్గర సాయంత్రం అయిదున్నర దాటిందంటే చాలు, కొండ మీంచి ఎవరో నల్ల గొంగళి జారవిడిచినట్టు చీకటి పడిపోతుంది. అక్కణ్నుంచి నర్సీపట్నం వైపు దిగుతుంటే మలుపు తర్వాత మలుపు. ఓ పక్క కొండ, ఓ పక్క లోయ. బండి ముందున్న గుప్పెడు వెలుగే అప్పుడు లోకం. ఆ వెలుగులో కనిపించినంత మేరే రోడ్డున్నట్టు లెక్క. కనిపించని చోట గేదె ఉండొచ్చు, గొయ్యి ఉండొచ్చు, అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచిపోతున్న మనిషి ఉండొచ్చు.

ఆ దారిన వారానికి ఆరు రోజులు ఎక్కి దిగే మాస్టారొకాయన ఉన్నారు. ఆ గుప్పెడు వెలుగును సరిగ్గా అమర్చుకోవడానికి ఆయనకు కిందటి శీతాకాలం సగం గడిచిపోయింది. మూడు బల్బులు, ముగ్గురు మెకానిక్కులు, ఓ గాజువాక ప్రయాణం, ఓ మనిషి మోకాలి గాయం... ఇంత కథ నడిచింది. చివరికి తేలిందేమిటంటే, కావలసిన బల్బు మొదట్నుంచీ ఇంట్లో అటక మీదే ఉంది!

తమ్ముడి ముచ్చట

మాస్టారి బడి లంబసింగి దాటాక, తారు రోడ్డు వదిలి కొంత లోపలికి వెళితే వచ్చే గిరిజన గ్రామంలో. కాపురం నర్సీపట్నంలో. తండ్రికి వయసు మీద పడింది. పిల్లల చదువులు కిందే. అందుకని కొండ మీద గది తీసుకోకుండా రోజూ తిరుగుతారు. ఆయన పాత బండి ఇంజను పట్టేసి మూలన పడ్డాక ఇంట్లో ఉన్న ఇంకో బండి బయటికి తీయక తప్పలేదు. అది తండ్రి 2008లో కొన్న స్ప్లెండర్ ప్లస్. కానీ ఇప్పుడు దాన్ని చూస్తే కొన్నాయనే గుర్తుపట్టలేరు.

పాలిటెక్నిక్ చదివే రోజుల్లో తమ్ముడు దాని రూపురేఖలు మార్చేశాడు. పొడుగు సీటు కోయించి పొట్టి సీటు వేయించాడు. వెనక మడ్‌గార్డు సగానికి కత్తిరించాడు. చీర గార్డు పీకేశాడు. బండి ఒళ్లంతా మెరుపు లేని నల్ల రంగు కొట్టించాడు. ముందున్న నలుచదరపు లైటు తీసేసి బుల్లెట్ బండికి ఉండేలాంటి పెద్ద గుండ్రటి లైటు బిగించాడు. ‘కెఫే రేసర్’ అట దాని పేరు. 1960ల్లో లండన్ కుర్రాళ్లు ఒక కాఫీ హోటలు నుంచి ఇంకో హోటలుకు పందెం వేసుకుని తోలిన బళ్ల పోలిక. తర్వాత తమ్ముడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ముచ్చట మాత్రం నర్సీపట్నంలో మిగిలిపోయింది.

నలభై దాటిన మాస్టారు, చేతికి టిఫిన్ క్యారేజీ తగిలించుకుని ఆ బండి మీద బడికి వెళ్లిన మొదటిరోజు పిల్లలంతా చుట్టూ మూగారు. ‘‘మాస్టారూ, ఇది సినిమా బండా?’’ అని అడిగాడొకడు. ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సాయంత్రం దాకానే.

అరవై వాట్ల చీకటి

ఆ రోజు మండలంలో మీటింగు ఉండి ఆలస్యమైంది. లంబసింగిలో లైటు వేస్తే పెద్ద గుండ్రటి అద్దం వెనక బీడీ చివర నిప్పులాంటిదేదో ఎర్రగా వెలిగింది. యాక్సిలరేటర్ తిప్పితే కాస్త పసుపుగా మారుతుంది. మలుపు దగ్గర వేగం తగ్గించగానే మళ్లీ బీడీ నిప్పే. సరిగ్గా వెలుగు కావలసిన చోటే వెలుగు ఉండటంలేదు. ముందు వెళుతున్న జీపు ఎర్రలైటు పట్టుకుని, దాని వెనకే డౌనూరు దాకా దిగారు. ఇంటికొచ్చేసరికి ఆ చలిలోనూ చొక్కా తడిసిపోయింది.

మర్నాడు ఇంటి దగ్గరున్న మెకానిక్ బల్బు ఊడదీసి చూశాడు. దాని మీద 12 వోల్టులు, 60/55 వాట్లు అని ఉంది. ‘హెచ్4’ రకం. ‘‘బల్బు మంచిదేనండి, పెద్దది. బ్యాటరీలోంచి ఇస్తే ఏకంగా పగలే’’ అన్నాడు. వైరు మార్చి బ్యాటరీకి కలిపాడు. నిజంగానే వీధంతా పట్టపగల్లా అయింది. మాస్టారు సంతోషంగా డబ్బులిచ్చి వచ్చేశారు.

ఆ సంతోషం ఒక్క ఘాట్‌కే సరిపోయింది. కిక్కు కొట్టి నడిపే ఆ బండిలో ఉన్నది రెండున్నర ఆంపియర్ అవర్ల బుల్లి బ్యాటరీ. అరవై వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర అయిదు ఆంపియర్లు లాగుతుంది. బడిలో అయిదో తరగతి పిల్లాడైనా చేసే భాగహారమే. అరగంట. అంతకు మించి బ్యాటరీ తట్టుకోదు. ఇంజను తిరుగుతుంటే కాస్త ఛార్జింగు ఎక్కుతుంది గానీ, అది హారనుకీ ఇండికేటర్లకీ తప్ప హెడ్‌లైటును మోయడానికి కాదు. మూడో మలుపులో హారను మూగబోయింది. నాలుగో మలుపులో ఇండికేటర్లు పోయాయి. ఆ తర్వాత లైటు మళ్లీ బీడీ నిప్పయింది.

ఇంటికొచ్చి చెబితే తండ్రి చుట్ట పక్కన పెట్టి ఒక్క మాటన్నారు. ‘‘సైకిలు డైనమో ఉండేది చూడు... గట్టిగా తొక్కితే వెలిగేది, ఆగితే ఆరిపోయేది. ఈ బండీ అంతేరా. ఎంత తొక్కితే అంత. అది ఇవ్వగలిగినంతే అడగాలి.’’

ఆ తరం వాళ్లకు సైకిలు దీపం పెద్ద సంగతే. రాత్రిపూట దీపం లేని సైకిలు కనిపిస్తే పోలీసులు ఆపేసేవారు. చక్రాల్లోంచి గాలి తీసేసి పంపేవారు. అసలు మోటారు వాహనాల దీపాల చరిత్రంతా ఈ ‘ఎంత ఇవ్వగలదు’ అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. మొదట్లో కార్బైడ్ మీద నీళ్లబొట్లు పడితే పుట్టే గ్యాసుతో దీపాలు వెలిగించేవారు. 1913లో జర్మనీకి చెందిన బాష్ కంపెనీ హెడ్‌లైటునూ, డైనమోనూ, రెగ్యులేటరునూ ఒకే జట్టుగా అమ్మడం మొదలుపెట్టింది. దీపం ఒక్కటే అమ్మితే లాభం లేదని, దానికి కూడు పెట్టే యంత్రమూ, ఆ కూడును కొలిచి పెట్టే యంత్రమూ పక్కనే ఉండాలని వందేళ్ల కిందటే తెలుసుకున్నారన్నమాట. తండ్రి చెప్పిందీ అదే. కానీ, మాస్టారు అప్పుడా మాటను చుట్టపొగతో పాటే వదిలేశారు.

తెల్లటి గోడ

రెండో మెకానిక్ కుర్రాడు. ‘‘ఈ రోజుల్లో హాలోజన్ ఏంటి సార్? ఎల్‌ఈడీ వేసేయండి. కరెంటు తక్కువ తింటుంది, వెలుగు మూడింతలు’’ అన్నాడు. అందులో సగం నిజం ఉంది. ఎల్‌ఈడీ కరెంటు తక్కువే తింటుంది. పాత బల్బు తీసి అదే హోల్డరులో చిన్న ఫ్యానున్న ఎల్‌ఈడీ బల్బు తిప్పి బిగించాడు. పాల తెలుపు వెలుగు. బ్యాటరీ దిగలేదు. హారను మోగింది. అంతకంటే ఏం కావాలి?

మొదటి అనుమానం పొగమంచులో వచ్చింది. ఉదయం ఏడున్నరకు లంబసింగి మీద మంచు దట్టంగా ఉంది. లైటు వేస్తే రోడ్డు కనిపించడానికి బదులు ఎదురుగా తెల్లటి గోడ లేచింది. మంచంటే గాల్లో వేలాడే సన్నటి నీటి తుంపరలేగా. ఒక్కో తుంపరా వెలుగును వెనక్కి విసురుతుంది. పైకి పోయే వెలుగు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువగా మన కళ్లలోకే తిరిగొస్తుంది. అందుకే మంచులో బ్రైటు వేయకూడదని, డిమ్ములోనే నెమ్మదిగా వెళ్లాలని ఆ దారి జీపు డ్రైవర్లందరికీ తెలుసు. చిత్రమేమిటంటే మాస్టారు డిమ్ములో పెట్టినా గోడ కదల్లేదు. డిమ్ము కూడా పైకే కొడుతోంది. ‘సర్లే, మంచు కదా’ అనుకున్నారాయన.

రెండోసారి అది అనుమానం కాదు.

సంత రోజు. కొండ మీది ఊళ్ల నుంచి పసుపో, చింతపండో, చీపుళ్లో తెచ్చి అమ్ముకుని సాయంత్రానికి ఇంటిదారి పట్టే జనం రోడ్డు మీద ఎక్కువగా ఉంటారు. మాస్టారు కిందికి దిగుతున్నారు. ఎదురుగా ఓ టీవీఎస్ ఎక్సెల్ ఎక్కొస్తోంది. వెనక ఖాళీ గోనెలు, వాటి మీద ఎనిమిదేళ్ల పిల్ల. మలుపు తిరగ్గానే మాస్టారి లైటు ఆ మనిషి ముఖం మీద పడింది. ఆయన ఒక చెయ్యి ఎత్తి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. బండి తడబడింది. రోడ్డంచు దిగింది. కొండవైపున్న కాలువలోకి ఒరిగిపోయింది.

లోయ వైపు కాదు, కొండ వైపు. అదృష్టమంటే అదే.

మాస్టారు బండి ఆపి పరుగెత్తారు. పిల్లకేమీ కాలేదు. గోనెల మీద పడి బిత్తరపోయి చూస్తోంది. ఆ మనిషి మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. మాస్టారు తన తువ్వాలు చింపి కట్టారు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేదేమో. ‘‘ఏటీ కనపళ్లేదు బాబూ... అంతా తెల్లగైపోనాది’’ అన్నాడంతే. పిల్ల మాత్రం ఇంకా వెలుగుతున్న ఆ లైటు కేసి చూడలేక ముఖం తిప్పుకుంది. అప్పుడు గుర్తొచ్చి మాస్టారు వెళ్లి తాళం తిప్పారు. చుక్కలు తప్ప ఏమీ లేని చీకటి. ఆ చీకట్లో ముగ్గురికీ కాసేపటికి రోడ్డు కనిపించింది.

మర్నాడు ఆయన ఆ బండి తీయలేదు. బస్సెక్కారు.

దొప్ప రహస్యం

బ్యాటరీలకు ఛార్జింగు పెట్టి, ఆటోలకూ ట్రాక్టర్లకూ వైరింగు చేసే పాత కొట్టొకటి నర్సీపట్నంలో ఉంది. అరవై దాటిన మేస్త్రి. బండ్ల షోకులు ఆయనకు పట్టవు. మాస్టారు జరిగిందంతా దాచకుండా చెప్పారు. మేస్త్రి విని, బల్బు ఊడదీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

‘‘ఇదేటి మాస్టారూ, లైటనుకున్నారా? ఇది మంట. పొయ్యిలో ఉంటే వంటవుద్ది, వాకిట్లో ఉంటే ఇల్లు కాలుద్ది’’ అన్నాడు.

ఆ తర్వాత పాత హెచ్4 బల్బు ఒకటి తెచ్చి ఎండలో పెట్టి చూపించాడు. లోపల రెండు సన్నటి తీగలున్నాయి. ఒకటి బ్రైటుకి, ఒకటి డిమ్ముకి. డిమ్ము తీగ కింద వేలిగోరంత లోహపు రేకు, అచ్చం అడ్డాకు దొప్పలా వంగి ఉంది. ‘‘ఇదే అసలు రహస్యం’’ అన్నాడు మేస్త్రి. డిమ్ము తీగ వెలిగినప్పుడు ఈ దొప్ప కిందికి పోయే వెలుగును ఆపేస్తుంది. వెలుగు డూమ్ పైసగానికే తగిలి, అక్కణ్నుంచి రోడ్డు మీదికి వంగి పడుతుంది. అంటే ఎదుటివాడి కళ్లకు అడ్డుపెట్టే చెయ్యి బల్బులోనే ఉందన్నమాట. డూమ్ వంపులన్నీ ఆ తీగ ఫలానా చోటే ఉంటుందన్న నమ్మకంతో చేసినవి. తీగ ఉండాల్సిన చోటు నుంచి మిల్లీమీటరు జరిగినా వెలుగు దారి తప్పుతుంది. చౌకరకం ఎల్‌ఈడీ బల్బులో వెలుగు పుట్టేచోటు వేరు, దాని మందం వేరు. పైగా ఆ కుర్రాడు దాన్ని కాస్త పక్కకు తిప్పి బిగించాడు. అందుకే డిమ్ము వేసినా, బ్రైటు వేసినా అది చెట్ల కొమ్మలకూ ఎదుటివాళ్ల కళ్లకూ పోయింది.

ఈ సంగతి చట్టంలోనూ ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 106వ నిబంధన ముందు దీపం గురించే చెబుతుంది. లైటుకు 8 మీటర్ల దూరంలో, దాని కుడి అంచుకు అర మీటరు పక్కన, నేలకు మీటరున్నర ఎత్తులో కళ్లున్న మనిషికి ఆ వెలుగు వల్ల కళ్లు చెదరకూడదు. వెలుగు అంతగా కిందికి వంగి ఉండాలి. మాస్టారు దాన్ని చదివి కాసేపు అలాగే కూర్చున్నారు. కుడివైపు, ఎనిమిది మీటర్లు, మీటరున్నర ఎత్తు... ఘాట్‌లో ఎదురొచ్చిన ఆ టీవీఎస్ మనిషి కళ్లు సరిగ్గా ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి. ఆ అంకెలు రాసినవాళ్లకు ఆయనెవరో తెలియదు. అయినా ఆయన కోసమే రాశారు.

అటక మీది లైటు

‘‘మరి ఏ బల్బు వేయాలి మేస్త్రిగారూ?’’

‘‘బల్బు సంగతి తర్వాత. బండి ఏటిస్తాదో సూద్దాం.’’

మేస్త్రి మీటరు తీశాడు. హెడ్‌లైటు వైరును మళ్లీ మ్యాగ్నెట్ కాయిల్‌కే కలిపి, పాత అరవై వాట్ల బల్బు పెట్టి, ఇంజను రేజు చేయించాడు. హోల్డరు దగ్గర తొమ్మిది వోల్టుల దగ్గరే ముల్లు ఆగిపోయింది. అంతకంటే ఎంత రేజు చేసినా పెద్దగా పెరగలేదు. ఆ కాయిల్ ముప్ఫై అయిదు వాట్ల బల్బును మోయడానికి చుట్టింది. దాని మీద అరవై వాట్లు పెడితే వోల్టేజీ కుంగిపోతుంది.

కుంగితే వెలుగు ఎంత తగ్గుతుందో చాలామందికి తెలియదు. తీగ బల్బుల్లో వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు పడిపోతుంది. 13.2 వోల్టులు అందితే హెచ్4 బల్బు బ్రైటు తీగ 1650 ల్యూమెన్ల వెలుగిస్తుంది. తొమ్మిది వోల్టులే అందితే అందులో మూడోవంతు కూడా రాదు. అదే, హెచ్ఎస్1 అనే 35/35 వాట్ల హాలోజన్ బల్బుకు పూర్తి వోల్టేజీ అందితే 825 ల్యూమెన్లు వస్తాయి. అంటే ఆకలితో ఉన్న అరవై వాట్ల బల్బు కంటే కడుపు నిండిన ముప్ఫై అయిదు వాట్ల బల్బే దాదాపు రెండింతలు వెలుగుతుంది! తండ్రి సైకిలు డైనమో మాటలో ఉన్న లెక్క ఇదే.

‘‘బండికొచ్చిన పాత లైటు ఏది?’’ అనడిగాడు మేస్త్రి.

ఆ లైటు ఎక్కడుందో మాస్టారికి తెలియదు. తండ్రికి తెలుసు. తమ్ముడు విప్పి పారేసిన రోజునే ఆయన దాన్ని తుడిచి, పాత పేపర్లో చుట్టి, గుడ్డ సంచిలో కట్టి అటక మీద పెట్టారట. పేపరు విప్పితే నలుచదరపు లైటు, అద్దం మీద చిన్న గీత కూడా లేకుండా బయటపడింది. వెనక బల్బు అలాగే ఉంది. 12 వోల్టులు, 35/35 వాట్లు. బ్యాటరీకి తగిలిస్తే రెండు తీగలూ వెలిగాయి.

ఆ లైటునే తిరిగి బిగిస్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ ముందు మూతిని పట్టి ఉంచే కొక్కేలను తమ్ముడు కోయించేశాడు. మరి ఈ చిన్న బల్బును ఇప్పుడున్న గుండ్రటి డూమ్‌లో పెట్టేస్తే? హెచ్ఎస్1, హెచ్4 పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. వెనక అవే మూడు పిన్నులు, చుట్టూ అవే మూడు చెవులు. చెవుల కొలతల్లోనే కొద్దిపాటి తేడా పెట్టారు. ఒకదాని చోట ఇంకోటి పెట్టకూడదనే పెట్టారు. చాలామంది ఆ చెవిని ఆకురాయితో రాసేసి ఇరికించేస్తుంటారు. మేస్త్రి ఒప్పుకోలేదు. ‘‘సెవి అరగదీస్తే బల్బు ఊగుద్ది. ఊగితే మళ్లీ వెలుగు ఆడి కళ్లలోకే. బల్బు మార్చకండి మాస్టారూ, దీనికి సరిపడే డూమ్ తెచ్చుకోండి.’’

అన్నాళ్లూ అందరూ లైటుకు తగ్గ బల్బు కోసం వెతికారు. బల్బుకు తగ్గ లైటును వెతకాలని మేస్త్రికొక్కడికే తోచింది.

నర్సీపట్నంలో అలాంటిది దొరకలేదు. ఉన్నవన్నీ చూపుకు గుండ్రంగానే ఉన్నా వెనక కన్నం వేరు. ఆదివారం మాస్టారు పాత బల్బును దూదిలో చుట్టి జేబులో పెట్టుకుని గాజువాక ఆటోనగర్ వెళ్లారు. మొదటి కొట్టులో ‘‘ఏ బండికి సార్?’’ అనడిగారు. ఆయన బండి పేరు చెబితే నలుచదరపు లైటు తీశారు. గుండ్రటిది కావాలంటే బుల్లెట్‌ది తీశారు. అలా నాలుగు కొట్లు తిరిగాక తెలివొచ్చింది. అయిదో కొట్టులో బండి పేరు చెప్పకుండా బల్బు తీసి గల్లా మీద పెట్టారు. ‘‘ఈ బల్బుకు గుండ్రటి డూమ్ కావాలండి’’ అన్నారు. కొట్టతను అటూ ఇటూ తిప్పి చూసి, లోపల్నుంచి దుమ్ముపట్టిన అట్టపెట్టె తెచ్చాడు. కాస్త చిన్న సైజు. చెవులు టక్కున కూర్చున్నాయి. అరగదీయక్కర్లేదు, ఇరికించక్కర్లేదు.

గోడ మీది సుద్దగీత

బిగించడం మేస్త్రికి గంట పని. కానీ ఆయన సగం పూట తీసుకున్నాడు. కొత్త డూమ్ చిన్నది కావడంతో దాని రింగును పట్టి ఉంచే పట్టీలు వంచాడు. పాత హోల్డరు ప్లాస్టిక్కు అరవై వాట్ల వేడికి మాడి గోధుమరంగుకు వచ్చింది. దాన్ని మార్చేశాడు. తర్వాత మళ్లీ మీటరు. కాయిల్ దగ్గర పదమూడు వోల్టులు చూపిస్తే బల్బు దగ్గర పదకొండే. రెండు వోల్టులు దారిలో ఎవరో మింగేస్తున్నారు. ఎవరా అని చూస్తే, తమ్ముడు కొట్టించిన నల్ల రంగు! ఎర్త్ వైరు బిగించిన చోట కూడా రంగు పులిమేశారు. మేస్త్రి అక్కడ రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, కాస్త లావుపాటి వైరుతో ఎర్త్ బిగించాడు. ముల్లు పన్నెండున్నర దాటింది.

బల్బును మాత్రం చేత్తో ముట్టుకోలేదు. శుభ్రమైన గుడ్డతో పట్టుకుని పెట్టాడు. హాలోజన్ బల్బు గాజు మామూలు గాజు కాదు, క్వార్ట్జ్. బాగా వేడెక్కుతుంది. వేలి జిడ్డు అంటితే అక్కడే మాడి, మచ్చపడి, బల్బు తొందరగా పోతుంది. లోపలి హాలోజన్ ఆవిరి చేసే పని కూడా తమాషాగా ఉంటుంది. తీగ నుంచి ఆవిరైపోయే టంగ్‌స్టన్‌ను పట్టి తెచ్చి మళ్లీ తీగ మీదే దింపుతుంది. అందుకే గాజు నల్లబడదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వాళ్లు ఈ చిట్కాకు 1959లో పేటెంట్ తీసుకున్నారు.

చీకటి పడ్డాక అసలు పని మొదలైంది. బండిని ఓ గోదాము గోడకు ఎదురుగా పది మీటర్ల దూరంలో నిలబెట్టి, మాస్టారిని మీద కూర్చోబెట్టాడు. మనిషి బరువుకు బండి వెనక భాగం దిగి లైటు పైకి లేస్తుంది కాబట్టి ఖాళీ బండితో కొలవకూడదట. లైటు ఎత్తు ఎంతో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్దతో గీత గీశాడు. డిమ్ము వేయించాడు. వెలుగు పై అంచు ఆ గీతకు బెత్తెడు కిందికి వచ్చేదాకా డూమ్‌ను వంచుతూ బోల్టులు బిగించాడు. గీత పైన చీకటి. గీత కింద వెలుగు.

‘‘పైన ఆడిది, కింద మీది’’ అన్నాడు మేస్త్రి. డబ్బులు అడిగితే హోల్డరుకీ వైరుకీ లెక్కగట్టి, చేతిపనికి నూటయాభై తీసుకున్నాడు.

మిగిలిన బాకీ

లైటు సర్దుకున్నాక మాస్టారు బండిలో ఇంకొన్ని మార్పులు చేయించారు. చీర గార్డు మళ్లీ వచ్చింది. అద్దాలు వచ్చాయి. వెనక మడ్‌గార్డు పూర్తిది వేయించారు. కంపెనీ తయారుచేసిన తీరుకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిగా చెప్పింది. ఆ లెక్కన గుండ్రటి లైటు కూడా ఉండాల్సింది కాదు. కోసేసిన కొక్కేలు మళ్లీ అతికించగల వెల్డింగు పనివాడి కోసం చూస్తున్నారు. దొరికిన రోజున అటక మీది లైటే ముందుకొస్తుంది. హైదరాబాద్ నుంచి తమ్ముడు ఫోన్లో అలిగాడు. ‘‘పిల్ల పడిపోయిందిరా’’ అని ఒక్క ముక్క చెబితే ఊరుకున్నాడు.

ఆ దారికి పాత గాయాలు లేకపోలేదు. దాని పేరు చెబితే ఈ ప్రాంతంలో పెద్దవాళ్లు బాస్టియన్‌ను తలుచుకుంటారు. గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న అతగాడు సరిగా కూలి ఇవ్వకుండా గిరిజనుల చేత రోడ్డు పని చేయించడం, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడటానికి దారితీసిన కారణాల్లో ఒకటి. నూరేళ్ల కిందట ఆ రోడ్డు వేసినవాళ్ల మనవలు, మునిమనవలే ఇవాళ సంత ముగించుకుని ఖాళీ గోనెలతో దాని మీద ఎక్కొస్తుంటారు. వాళ్ల పిల్లలకు అక్షరాలు చెప్పడానికి వెళ్లే మనిషి వాళ్ల కళ్లలోనే దీపం కొట్టాడు. మాస్టారిని ఆ రాత్రి నుంచి తొలిచేస్తున్నది ఇదే.

ఆ టీవీఎస్ మనిషిది ఏ ఊరో ఆయన అప్పుడు అడగలేదు. తర్వాత మూడు వారాలపాటు ప్రతి సంత రోజూ డౌనూరులో టీ తాగే నెపంతో ఆగి చూశారు. నాలుగోవారం కనిపించాడు. మోకాలి మీద గాయం మాని నల్లటి మచ్చయింది. పిల్ల వెంట లేదు. బడికి పోయిందట. మాస్టారు టీ ఇప్పించి, మందులకైన డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. ‘‘డబ్బులొద్దుగానండి... ఆ లైటు?’’ అని బండి వైపు చూశాడు.

మాస్టారు తాళం పెట్టి, కిక్కు కొట్టి లైటు వేశారు. ఆ మనిషి టీ గ్లాసు చేత్తో పట్టుకుని రోడ్డుకు అవతల నిలబడి చూశాడు. ఇంకాస్త ముందుకొచ్చి చూశాడు. కాస్త వంగి కూడా చూశాడు. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

‘‘ఇప్పుడు మీరు కనపడుతున్నారు’’ అన్నాడు.